మిద్దె మీద డిష్, నేల కింద ఫైబర్: ఒక బ్యాకప్ ఫీడ్ ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 9

రోడ్డు తవ్వకాల్లో మా కేబుల్ టీవీకి చానళ్లు తెచ్చే ఫైబర్ ఈ ఏడాది నాలుగోసారి తెగింది. నిన్న సాయంత్రం 7.10కి పోయిన సిగ్నల్ రాత్రి పదకొండు దాటాక వచ్చింది. చెన్నైలో పెరంబూరు దగ్గర మా మామయ్యకి చిన్న కేబుల్ కంట్రోల్ రూమ్ ఉంది, 1990ల నుంచీ నడుపుతున్నాడు, రెండు వేల చిల్లర ఇళ్లు, అందులో సగం దాకా ఎప్పుడో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లవి. ఒకప్పుడు మిద్దె మీద ఏడు డిష్‌లు ఉండేవి. పెద్ద హెడ్‌ఎండ్ (చానళ్లన్నీ ఒకచోట చేర్చి మాలాంటి కేబుల్‌వాళ్లకి పంపే కేంద్రం) నుంచి చానళ్లన్నీ ఒక్క ఫైబర్ మీద ఇంటర్నెట్ డేటాలాగా ఐపీ రూపంలో రావడం మొదలయ్యాక ఆరింటిని పాత ఇనుము కింద అమ్మేశాడు. మిగిలిన ఒక్కటి 8 అడుగుల మెష్ డిష్, దాని కాలికి అత్తయ్య బట్టలారేసే తీగ కట్టి ఉంది.

రాత్రి ఫోన్ చేసి, "ఏరా, ఆ డిష్‌ని మళ్లీ లేపగలవా? ఫైబర్ పోయినప్పుడల్లా ఇళ్లవాళ్లకి జవాబు చెప్పలేక చస్తున్నాను" అన్నాడు. మామూలుగా ఆయన ఏదీ అడగడు. అడిగాడంటే ఎంత విసిగిపోయాడో నాకు తెలుసు.

అందుకే ఈ డైరీ. పని ఏంటంటే, ఫైబర్ పోయిన క్షణంలో ఫ్రీ టు ఎయిర్ (తాళం, చందా లేకుండా ఉచితంగా వచ్చే) చానళ్లయినా శాటిలైట్ నుంచి అందుకుని, ఇంట్లో టీవీ చూసేవాళ్లకి తెలియకుండా వాటిని నడిపించడం. పే చానళ్ల జోలికి పోను, వాటికి బ్రాడ్‌కాస్టర్ ఒప్పందం రాసుకుని ఇచ్చే రిసీవర్, కార్డు ఉండాలి. చానళ్లకి తాళం వేసే స్క్రాంబ్లర్, వాటిని ఇళ్లకి వెళ్లే కేబుల్‌లోకి ఎక్కించే క్వామ్ మాడ్యులేటర్ మా దగ్గర ఇక్కడే ఉన్నాయి కాబట్టి లోపలికి వచ్చే దారిని మార్చుకునే వీలుంది, అదొక్కటే మాకున్న సౌకర్యం.

పెద్ద టీవీ నెట్‌వర్కులు కూడా చేసేది పెద్ద ఎత్తున ఇదే. స్టూడియో నుంచి ఊరూరి స్టేషన్లకి ఫైబర్ మీద పంపిస్తూనే అదే కార్యక్రమాన్ని శాటిలైట్ మీద కూడా రోజంతా నడుపుతుంటారు. ఫైబర్‌లో ప్రతి స్టేషన్‌కీ ఒక దారి వేసుకోవాలి, ప్రతి దారికీ తెగే అవకాశం ఉంటుంది. ఉపగ్రహానికైతే ఒక్కసారి పైకి పంపితే చాలు, 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి దాని బీమ్ పడిన చోటల్లా ఒకేసారి దిగుతుంది, మధ్యలో ఎవరూ తవ్వడానికి రోడ్డు లేదు.

ఆగస్టు 10

డిష్ పరీక్ష. ముందు దారం పరీక్ష చేశాను: అంచు మీద ఎదురెదురు చోట్ల రెండు దారాలు బిగించి కడితే, మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉండాలి. మనదాంట్లో రెంటి మధ్య బొటనవేలంత సందు ఉంది. అంటే డిష్ మెలి తిరిగింది. ఈ డిష్ పట్టే ఉపగ్రహ తరంగాల శ్రేణి సీ బ్యాండ్‌లో 4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 7.5 సెంటీమీటర్లు, డిష్ ఉపరితలం అందులో పదహారో వంతు కంటే, అంటే సుమారు 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వంకరపోతే గెయిన్, అంటే సిగ్నల్‌ని పోగుచేసే శక్తి, పడిపోతుంది. పాత లైన్‌మ్యాన్ అన్నని పిలిచాను, ఆయన ఈ డిష్‌ని మొదట బిగించినప్పుడు కూడా ఉన్నాడట. వెనక పక్కటెముకల్లో రెండింటి బోల్టులు వదులు చేసి, జాక్ పెట్టి నెమ్మదిగా నెట్టి, మళ్లీ దారం కట్టి చూసి, ఇలా నాలుగుసార్లు చేశాక దారాలు కలిశాయి. మూడు గంటలు పట్టింది.

తర్వాత లోతు కొలిచాను, 39.5 సెంటీమీటర్లు. వ్యాసం 2.4 మీటర్లు. వ్యాసం వర్గాన్ని పదహారు రెట్ల లోతుతో భాగిస్తే ఫోకస్ దూరం వస్తుంది, 91 సెంటీమీటర్లు. మూడు కాళ్ల స్టాండు మీద పాత ఫీడ్‌హార్న్ (డిష్ పోగుచేసిన సిగ్నల్‌ని పట్టే గొట్టం) 4 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంది. ఎవరో ఎప్పుడో కాళ్లలో ఒకదాన్ని మార్చి పొడుగుది వేశారు.

ఆగస్టు 16, 17

గురి పెట్టడం. 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న ఉపగ్రహ స్థానం ఎంచుకున్నాను, మాకు కావాల్సిన ఫ్రీ టు ఎయిర్ చానళ్లు అక్కడ కొన్ని ఉన్నాయి. ఈ చోటులో ఇన్‌శాట్ 4ఏ బదులు వచ్చిన జీశాట్ 30 ఉంది, 2020 జనవరి 17న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ 5 మీద వెళ్లింది, 12 సీ బ్యాండ్, అంతకంటే పై తరంగాల కేయూ బ్యాండ్‌లో 12 ట్రాన్స్‌పాండర్లు (కింద నుంచి వచ్చిన సిగ్నల్‌ని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు). చెన్నై నుంచి చూస్తే దాని ఎత్తు 74 డిగ్రీలు, దిక్కు 168 డిగ్రీలు, అంటే దాదాపు నడినెత్తి మీద, దక్షిణానికి కాస్త తూర్పుగా. ఎల్‌ఎన్‌బీని, అంటే ఫీడ్‌హార్న్ వెనక ఉండి సిగ్నల్‌ని పెంచి కేబుల్‌లోకి దించే పెట్టెని, 11, 12 డిగ్రీలు తిప్పి పెట్టాలి.

ఎత్తు కొలవడం తేలిక, యాంగిల్ మీటర్ ఆనిస్తే సరిపోయింది. దిక్కుతోనే కష్టం. మిద్దె మీద ఇనుప కడ్డీల వల్ల కంపాస్ నాలుగు చోట్ల నాలుగు రకాలుగా చూపిస్తోంది. మధ్యాహ్నం కర్ర నీడతో ఉత్తర దక్షిణాలు పట్టుకుందామంటే ఆగస్టులో చెన్నైలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నీడే పడదు. చివరికి మ్యాప్‌లో మా మిద్దె నుంచి ఒక గీత గీసి, దూరంగా కనిపించే నీళ్ల ట్యాంకు ఏ డిగ్రీలో ఉందో చూసి, దాని నుంచి లెక్క వేసుకున్నాను.

8 అడుగుల డిష్ బీమ్ వెడల్పు 2.2 డిగ్రీలు. పక్కపక్క ఉపగ్రహాలు రెండు మూడు డిగ్రీల ఎడంలో ఉంటాయి కాబట్టి ఇంతకంటే చిన్నది పెడితే పక్కవాటి సిగ్నల్ కూడా తోసుకొస్తుంది. అందుకే ఈ డిష్‌ని అమ్మకుండా ఉంచినందుకు మామయ్యకి దండం పెట్టాలి.

సిగ్నల్ తగిలింది. కానీ లాక్ కాదు, అంటే రిసీవర్‌కి చానల్ పట్టుబడదు. మీటర్ మీద బలం నిండుగా కనిపిస్తోంది, నాణ్యత మాత్రం సున్నా. బలం ఉండి నాణ్యత లేదంటే మనకి అక్కర్లేనిదేదో లోపలికి వస్తోందన్నమాట. రెండు రోజులూ ఎల్‌ఎన్‌బీని తిప్పుతూనే ఉన్నాను, లాభం లేదు.

ఆగస్టు 20

ఆఫీసు నుంచి వచ్చాక నా దగ్గరున్న ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్‌తో (రేడియో సిగ్నళ్లని కంప్యూటర్ తెర మీద చూపించే చిన్న యూఎస్‌బీ డాంగిల్) చూశాను. కేబుల్‌లో ఎల్‌ఎన్‌బీకి వెళ్లే 13, 18 వోల్టులు డాంగిల్‌లోకి పోతే అది కాలిపోతుంది, కాబట్టి ఒక వైపే కరెంటు పోనిచ్చే స్ప్లిటర్ వేసి రెండో వైపు నుంచి తీసుకున్నాను. దీన్ని మర్చిపోవద్దు.

సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీ లోపల 5150 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఉంటుంది, ఆ 5150లోంచి ఉపగ్రహం సిగ్నల్ ఫ్రీక్వెన్సీని తీసేస్తే మిగిలేది కేబుల్‌లో దిగుతుంది. 3800 వస్తే 1350, 4000 వస్తే 1150. అంటే మన చానళ్లన్నీ 950 నుంచి 1450 మధ్యలో ఉండాలి. తెర మీద చూస్తే 1500 నుంచి 1600 దాకా గోడలాగా ఒక దిమ్మ. వెనక్కి లెక్కేస్తే 3550 నుంచి 3650. అది 5జీ. మన దేశంలో 2022లో వేలం వేసిన 5జీ బ్యాండ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ వరకు, టీవీ డౌన్‌లింక్ 3700 నుంచి 4200. మధ్యలో 30 మెగాహెర్ట్జ్ ఖాళీ. చూడ్డానికి రెండూ వేరువేరే, గొడవ లేదు అనిపిస్తుంది, కానీ పాత ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచే అన్నింటినీ లాక్కుంటాయి. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల నుంచి వచ్చే సిగ్నల్ ఎంత సన్నగా ఉంటుందో, రెండిళ్ల అవతల మిద్దె మీద టవర్ ఎంత గట్టిగా ఉంటుందో ఆలోచించండి. ఎల్‌ఎన్‌బీ లోపలి ఆంప్లిఫయర్ ఆ టవర్ ధాటికే నిండిపోయి, అసలు సిగ్నల్‌ని నలిపేస్తుంది. డిష్‌ని ఎంత బాగా గురిపెట్టినా ప్రయోజనం ఉండదు.

ఈ ఒక్క విషయం తెలియక చాలా చోట్ల డిష్‌లు పాడయ్యాయనుకుని పారేశారని లైన్‌మ్యాన్ అన్న చెబుతుంటే నిజంగా బాధ వేసింది.

ఆగస్టు 23

రిచీ స్ట్రీట్, చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాను అమ్మే వీధి. 5జీని ఆపే ఫిల్టర్ రెండు రకాలు. ఒకటి ఫీడ్‌హార్న్‌కీ ఎల్‌ఎన్‌బీకీ మధ్య బిగించే వేవ్‌గైడ్ ముక్క, అది మంచిది, బరువు కూడా. కానీ మాది ఫీడ్‌హార్న్, ఎల్‌ఎన్‌బీ ఒకే ముక్కగా ఉన్న రకం, మధ్యలో బిగించే చోటు లేదు. రెండోది 3700 నుంచి 4200 మాత్రమే తీసుకునే, లోపలే ఫిల్టర్ ఉన్న ఎల్‌ఎన్‌బీ. నాలుగు షాపులు తిరిగాక అయిదో షాపులో దొరికింది. షాపాయన తమిళంలో "సార్, ఇప్పుడు కేబుల్‌వాళ్లంతా దీన్నే అడుగుతున్నారు" అన్నాడు. ఆర్‌జీ 6 కేబుల్ 40 మీటర్లు, ఎండకి చిట్లని నల్ల రకం, వాన నీరు దిగని కంప్రెషన్ కనెక్టర్లు కూడా తెచ్చాను. కనెక్టర్ల దగ్గర పొదుపు చేయొద్దు, చెన్నైలో సముద్రపు గాలికి మామూలు రకం ఏడాదిలో తుప్పు పడుతుంది.

ఆగస్టు 24

కొత్త ఎల్‌ఎన్‌బీ బిగించిన పది నిమిషాలకి లాక్ అయింది. సీ బై ఎన్, అంటే రొద కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే కొలత, 12.4 డెసిబెల్స్. మొదటి బొమ్మ రాగానే మామయ్య మిద్దె మీదికి పరుగెత్తుకొచ్చాడు, ఏమీ మాట్లాడలేదు, డిష్ అంచు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

శాటిలైట్ టీవీ ప్రమాణమైన డీవీబీ ఎస్2లో 8 పీఎస్‌కే, 3/4 కోడింగ్ అనే పద్ధతికి సుమారు 8 డెసిబెల్స్ ఉంటే బొమ్మ వస్తుంది. మాకు 4 కంటే ఎక్కువే మార్జిన్ ఉంది. వానకి సీ బ్యాండ్‌లో పోయేది తక్కువ, ఒకటి రెండు డెసిబెల్స్ కూడా అరుదు. అదే కేయూ బ్యాండ్ అయితే ఇళ్ల మీద ఉండే చిన్న డిష్‌లు జడివానకి ఎలా ఆగిపోతాయో చెన్నైలో ఉన్న ప్రతివాళ్లకీ తెలుసు. నెట్‌వర్కులు పంపిణీకి, బ్యాకప్‌కి ఇప్పటికీ సీ బ్యాండ్‌ని వదలకపోవడానికి కారణం ఇదే.

ఆగస్టు 27

వినాయక చవితి. పని లేదు. ఉండ్రాళ్లు తింటూ మామయ్య, నేను పాత సంగతులు మాట్లాడుకున్నాం, అందులో కొన్ని ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే ఈ ప్రాజెక్టు ఏ ఆలోచన మీద నిలబడాలో అవి చెబుతాయి.

2010 జులై 7న 93.5 డిగ్రీల్లో ఉన్న ఇన్‌శాట్ 4బీకి సౌర ఫలకాల నుంచి వచ్చే కరెంటులో లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆపేయాల్సి వచ్చింది. సన్ డైరెక్ట్ డీటీహెచ్ దాని మీదే ఉండేది, ఆ సేవని 91.5 డిగ్రీల్లోని మీశాట్ 3కి మార్చారు. మా వీధిలో జనం మిద్దెలెక్కి డిష్‌ని రెండు డిగ్రీలు పక్కకి తిప్పుకోవడం మామయ్యకి బాగా గుర్తు. ఉపగ్రహానికి బ్యాకప్ అంటే ఇంకో ఉపగ్రహమే, కానీ కింద ఉన్న లక్షల డిష్‌లు వాటంతట అవి తిరగవు.

ఇంకా ముందు, 1997 జనవరి 11న అమెరికాలో టెల్‌స్టార్ 401 ఒక్కసారిగా మూగబోయింది. ఏబీసీ, పీబీఎస్ లాంటి నెట్‌వర్కుల ఫీడ్‌లు దాని మీద ఉండేవి, వాటిని వేరే ఉపగ్రహాల మీదికి మార్చారు. 1998 మే 19న గెలాక్సీ 4. దాన్ని అదుపులో ఉంచే ముఖ్య ప్రాసెసర్ ఆగింది, దాని బ్యాకప్ కూడా పని చేయలేదు, ఉపగ్రహం గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. దేశంలోని పేజర్లలో ఎక్కువ భాగం ఆగిపోయాయి, ఎన్‌పీఆర్ రేడియో, సీబీఎస్ ఫీడ్‌లు దారి మార్చుకోవాల్సి వచ్చింది. తర్వాత గెలాక్సీ 6ని ఆ చోటుకి జరిపారు.

అలాంటి రోజున ఎవరు బతికి బట్టకడతారన్నది ముందే కాగితం మీద రాసి ఉంటుంది. ట్రాన్స్‌పాండర్ అద్దెల్లో తరగతులున్నాయి. ఎక్కువ డబ్బు కట్టి ప్రొటెక్టెడ్ తీసుకుంటే, తమది పాడైన వెంటనే అదే ఉపగ్రహంలోనో ఇంకో దానిలోనో ఖాళీ ట్రాన్స్‌పాండర్ ఇవ్వాలి. చవకగా ప్రీఎంప్టిబుల్ తీసుకున్నవాళ్లు అలాంటప్పుడు లేచి చోటు ఇవ్వాలి, వాళ్ల కార్యక్రమం మధ్యలో ఉన్నా సరే. పెళ్లి భోజనాల్లో మగపెళ్లివారు వచ్చారని కూర్చున్న పంక్తిని లేపినట్టు. మామయ్య ఇది విని, "మరి మన ఫైబర్ ఏ తరగతిరా?" అన్నాడు. ఒప్పందం తీసి చూశాం. తెగితే ఎన్ని గంటల్లో బాగుచేయాలో ఒక్క మాట కూడా లేదు.

సెప్టెంబర్ 6

సాఫ్ట్‌వేర్. పాత కంప్యూటర్‌లో డీవీబీ ఎస్2 కార్డు పెట్టి లినక్స్, టీవీ స్ట్రీమ్‌లతో పని చేసే టీఎస్‌డక్ సాఫ్ట్‌వేర్ వేశాను. టీఎస్‌డక్‌లో టీఎస్‌స్విచ్ అనే పనిముట్టు ఉంది, రెండు మూడు ఇన్‌పుట్‌లు ఇచ్చి, మొదటిది ఆగితే రెండోదానికి పొమ్మని చెప్పొచ్చు. మొదటి ఇన్‌పుట్ ఫైబర్, రెండోది డిష్. 1500 మిల్లీసెకన్లు ప్యాకెట్ రాకపోతే మారిపోవాలి, ఫైబర్ తిరిగొస్తే వెనక్కి రావాలి.

చానల్‌నీ, దాని బొమ్మ, శబ్దాలనీ గుర్తించే నంబర్లు (సర్వీస్ ఐడీలు, పీఐడీలు) రెండు వైపులా వేరుగా ఉన్నాయి. మార్చకుండా వదిలేస్తే సెట్‌టాప్ బాక్స్ కొత్త చానలేదో అనుకుని నల్ల తెర చూపిస్తుంది. రీమ్యాప్ చేసి రెండింటినీ ఒకేలా చేశాను. ఈ పని విసుగ్గా ఉంటుంది, అయినా ఓపికగా ఒక్కో చానల్‌కీ రాసుకుంటూ చేశాను, మొత్తం తొమ్మిది చానళ్లు.

సెప్టెంబర్ 7

ఇవాళ ఒక విచిత్రం. ఫైబర్, డిష్ బొమ్మల్ని రెండు టీవీల్లో పక్కపక్కన పెట్టి చూశాను. ఉపగ్రహం పైకి వెళ్లి రావడానికే దాదాపు పావు సెకను పడుతుంది, ఫైబర్‌లో అంత ఆలస్యం ఉండదు, కాబట్టి ఫైబర్ బొమ్మ ముందు రావాలి. కానీ డిష్ బొమ్మే 1.8 సెకన్లు ముందుంది. న్యూస్ యాంకర్ డిష్ టీవీలో నమస్కారం పెట్టేశాక ఫైబర్ టీవీలో చేతులెత్తుతోంది. తొమ్మిది చానళ్లలోనూ అంతే.

హెడ్‌ఎండ్‌లో బొమ్మని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు (కుదించి డేటాగా మారుస్తారు) గదా, ఆ ఆలస్యం అయ్యుంటుందనుకుని, టీఎస్‌డక్‌లో టైమ్‌షిఫ్ట్ వేసి డిష్ ఫీడ్‌ని 1.8 సెకన్లు ఆపి ఉంచాను. ఇప్పుడు మారినప్పుడు మాట మధ్యలో తెగదు, చిన్న కుదుపు మాత్రం ఉంది. నెట్‌వర్కుల్లో అయితే రెండు దారుల్లోనూ అచ్చంగా ఒకే స్ట్రీమ్ పంపి, ప్యాకెట్ ప్యాకెట్‌నీ పోల్చి, కుదుపే లేకుండా కలిపే పద్ధతి ఉంది, ఎస్ఎంపీటీఈ 2022-7 అని దాని ప్రమాణం. మనవి వేర్వేరు ఎన్‌కోడింగ్‌లు కాబట్టి అది కుదరదు.

సెప్టెంబర్ 13

ఫైబర్ ప్యాచ్ కార్డ్ చేత్తో పీకేశాను. రెండు సెకన్లలోపు డిష్‌కి మారింది. పెట్టాను, వెనక్కి వచ్చింది. ఇరవైసార్లు చేశాం. కిందింట్లో అత్తయ్య సీరియల్ చూస్తోంది, ఏమైనా తెలిసిందా అని అడిగితే రెండుసార్లు మాత్రం గొంతు ఆగినట్టుందని చెప్పింది. ఇది నిజమైన మార్కు, మీటర్ల కంటే నాకు ఇదే ముఖ్యం.

కానీ సాయంత్రం మా తొమ్మిది చానళ్లలో ఒకటి ఫైబర్ వైపు నల్ల తెర అయిపోయింది, మన సిస్టమ్ మారలేదు. ఎందుకంటే ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి, 188 బైట్ల ప్రతి ప్యాకెట్ మొదట్లో ఉండాల్సిన గుర్తు, 47 అనే హెక్స్ బైట్, ఉంది, ప్యాకెట్లని లెక్కపెట్టే కంటిన్యూటీ కౌంటర్ వరస తప్పలేదు, అన్నీ సరిగ్గా ఉన్నాయి, లోపల బొమ్మ మాత్రం లేదు. దారి బాగుండి బండిలో సరుకు లేకపోవడం లాంటిది ఇది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో నల్ల తెరని, ఆగిన బొమ్మని పట్టుకునే ఫిల్టర్లు ఉన్నాయి, వాటిని పక్కన నడిపి, 8 సెకన్లు దాటితే మారమని చెప్పాను. తక్కువ పెడితే ప్రకటనల మధ్య వచ్చే చీకటికి కూడా ఎగురుతోంది.

సెప్టెంబర్ 20

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫైబర్ మీడియా కన్వర్టర్, డిష్ రిసీవర్ కంప్యూటర్, రెండూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి, ఆ యూపీఎస్ బ్యాటరీ పదకొండు నిమిషాలకే చేతులెత్తేసింది. నెల రోజులు రెండు దారులు కట్టి రెండింటినీ ఒకే ప్లగ్‌లో గుచ్చాను. ఉపగ్రహానికి సిగ్నల్ పైకి పంపే పెద్ద అప్‌లింక్ స్టేషన్లలో (వాటినే టెలీపోర్టులు అంటారు) హై పవర్ ఆంప్లిఫయర్, అప్‌కన్వర్టర్, మాడ్యులేటర్ ఇలా వరసలో ప్రతిదీ రెండేసి ఉంటుంది, ఒకటి పోతే రెండోది వెంటనే అందుకుంటుంది, అయినా వాళ్లు తృప్తి పడక ఇంకో ఊళ్లో రెండో టెలీపోర్టు పెట్టుకుంటారు. ఎందుకో ఇవాళ ఒంటికి పట్టింది. డిష్ వైపుకి వేరే ఇన్వర్టర్, వేరే ఫేజ్, మిద్దె నుంచి దిగే కేబుల్‌కి వేరే పైపు. సాయంత్రానికల్లా మార్చేశాం.

సెప్టెంబర్ 28

ఇది రాయడానికి కాస్త సమయం తీసుకున్నాను.

ఇవాళ సన్ అవుటేజ్. ఏటా రెండుసార్లు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, డిష్ ఉపగ్రహాన్ని చూస్తూ సూర్యుణ్ని కూడా చూస్తుంది, ఆ వేడి రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. భూమధ్యరేఖ మీద అయితే సరిగ్గా విషువత్తు (పగలు, రాత్రి సమానంగా ఉండే) రోజున వస్తుంది, చెన్నై 13 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి మనకి మార్చిలో వారం ముందు, సెప్టెంబర్‌లో వారం తర్వాత. 83 డిగ్రీలకి లెక్క వేస్తే ఇవాళ మధ్యాహ్నం 11.47కి నడిబొడ్డున తగలాలి. డిష్ పోతుంది, ఫైబర్ ఉంటుంది, వ్యవస్థ చక్కగా ఫైబర్ మీదే నిలబడుతుందని చూపిద్దామని మామయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

11.43కి డిష్ లాక్ పోయింది. బాగుంది. 11.44కి ఫైబర్ బొమ్మలు గళ్లు గళ్లుగా విరగడం మొదలైంది. ఒక్క నిమిషంలో తొమ్మిది చానళ్లూ ఆగాయి. ఫోన్లు మొదలయ్యాయి. 11.50కి ఫైబర్ తేరుకుంది, 11.51కి డిష్.

ఫైబర్ నేల కింద ఉంది. సూర్యుడు నేల కిందికి ఎలా వెళ్తాడు?

వెళ్లడు. ఆ హెడ్‌ఎండ్‌కి ఈ చానళ్లు స్టూడియోల నుంచి నేరుగా లైన్ మీద వస్తాయని మాకు ఎవరో చెప్పారు, మేం నమ్మాం. వాళ్లూ ఇదే ఉపగ్రహం నుంచి, మాకంటే కాస్త పెద్ద డిష్‌తో దించుకుని, మళ్లీ ఎన్‌కోడ్ చేసి మాకు ఫైబర్‌లో పంపుతున్నారు. డిష్ పెద్దదైతే బీమ్ సన్నం, అందుకే వాళ్లకి ఒక నిమిషం ఆలస్యంగా పోయి, ఒక నిమిషం ముందు వచ్చింది. సెప్టెంబర్ 7న డిష్ బొమ్మ 1.8 సెకన్లు ముందు రావడానికి కారణం కూడా ఇదే. ఫైబర్ నిజంగా స్టూడియో నుంచి వచ్చి ఉంటే అదే ముందుండేది. జవాబు మూడు వారాల క్రితమే రెండు టీవీల్లో కనిపించింది, నేను దాన్ని టైమ్‌షిఫ్ట్‌తో సరిచేసి మూసేశాను.

మా డిష్ ఫైబర్ తెగడానికి బ్యాకప్, అది నిజమే. ఉపగ్రహానికి ఏమైనా అయితే మాత్రం మాకు ఏ బ్యాకప్పూ లేదు, ఒకే నది నుంచి రెండు కాలవలు తవ్వుకుని కూర్చున్నాం.

సెప్టెంబర్ 29

పొద్దున్నే మా తొమ్మిది చానళ్లలో ఒకటైన తెలుగు న్యూస్ చానల్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను. అటు ఎత్తినాయన నేను ఎవరో, రెండు వేల ఇళ్ల కేబుల్‌వాణ్ని అన్నా కూడా విసుక్కోలేదు. "అన్నా, మీ ప్రోగ్రామ్ నాకు ఉపగ్రహం మీదుగా కాకుండా ఇంకో దారిలో కావాలి" అని మొత్తం సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "నిన్న ఎక్కువమంది అడిగింది బొమ్మ ఎందుకు పోయిందని, దారి అడిగింది మీరొక్కరే తమ్ముడూ" అన్నాడు.

వాళ్ల దగ్గర ఎలా ఉందో కూడా చెప్పాడు. స్టూడియో నుంచి టెలీపోర్టుకి రెండు ఫైబర్‌లు, వేర్వేరు రోడ్ల మీద. టెలీపోర్టులో రెండు వరసల సామాను. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త అప్‌లింకింగ్ మార్గదర్శకాల్లో ఒక చానల్ ఒకటి కంటే ఎక్కువ టెలీపోర్టుల్ని, ఉపగ్రహాల్ని వాడుకునే వీలు ఇచ్చారు, అంతకు ముందు ఒక్కటే. రెండో ఉపగ్రహం ఖర్చు తమ చానల్ ఇప్పట్లో భరించలేదని, అందుకని ఇంటర్నెట్ మీద ఎస్ఆర్‌టీ స్ట్రీమ్ ఒకటి స్టూడియో నుంచే నడుపుతున్నామని చెప్పాడు. మామయ్యకి వాళ్లతో రాతపూర్వక అనుమతి ఎలాగూ ఉంది, ఈమెయిల్ పంపించాక సాయంత్రం నాలుగింటికి అడ్రస్, పాస్‌వర్డ్ వచ్చాయి. ఎస్ఆర్‌టీ మామూలు ఇంటర్నెట్‌లో పోయిన ప్యాకెట్లని మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, అందుకు 2 సెకన్ల బఫర్ ఇచ్చాను. మా కంట్రోల్ రూమ్ బ్రాడ్‌బ్యాండ్ కూడా అదే తవ్వే రోడ్డు కింద నుంచి వస్తుంది కాబట్టి దాన్ని వాడలేదు. ఎదురు వీధి స్తంభాల మీదుగా వచ్చే ఇంకో కంపెనీ కనెక్షన్ తీసుకున్నాం.

టీఎస్‌స్విచ్‌లో ఆ చానల్‌కి మూడో ఇన్‌పుట్ చేర్చాను. ఫైబర్, డిష్, ఎస్ఆర్‌టీ.

సెప్టెంబర్ 30

ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇవాళ సూర్యుడు ఉపగ్రహం వెనక నుంచి కొంచెం దక్షిణానికి జరిగాడు, కాబట్టి అవుటేజ్ తక్కువ సేపు ఉంటుంది, కానీ ఉంటుంది. టెన్షన్‌తో పదకొండింటి నుంచే తెర ముందు కూర్చున్నాం, లైన్‌మ్యాన్ అన్న కూడా వచ్చాడు.

11.44, డిష్ పోయింది. 11.45, ఫైబర్ గళ్లు. ఎనిమిది చానళ్లు ఆగాయి. తొమ్మిదోది ఒక్కసారి ఊగి, ఎస్ఆర్‌టీకి మారి, నడుస్తూనే ఉంది. యాంకర్ వాతావరణం చెబుతోంది. 11.49కి అన్నీ వచ్చాయి. ఈ నాలుగైదు నిమిషాల్లో మామయ్య ఫోన్ మూడుసార్లు మోగింది, మూడూ వేరే చానళ్ల గురించి.

అక్టోబర్ 1

ఆయుధ పూజ. డిష్ అంచుకి చందనం, కుంకుమ పెట్టి, కంప్యూటర్ మీద పూలు వేసి, మరమరాలు, బెల్లం పంచాం. ర్యాక్ మీద ఒక కాగితం అంటించాను, తొమ్మిది చానళ్ల పేర్లు, ఒక్కోదాని పక్కన మూడు గళ్లు: ఫైబర్ ఎక్కడి నుంచి వస్తోంది, డిష్ ఏ ఉపగ్రహం, మూడో దారి ఏది. మూడో గడి ఒక్క చానల్‌కే నిండింది. మిగతా ఎనిమిది చానళ్ల కంట్రోల్ రూమ్ నంబర్లు మామయ్య తన పాత డైరీలోంచి వెతుకుతున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున 6 గంటలకి ఫైబర్ కార్డ్ చేత్తో పీకి చూసే పని లైన్‌మ్యాన్ అన్న తీసుకున్నాడు, ఆ కాగితం మీద తేదీ వేసి సంతకం పెడతానన్నాడు.

ఈ నెల మధ్యలో ఈశాన్య వానలు మొదలవుతాయి. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చినప్పుడు ఈ మిద్దె మీద రెండు డిష్‌లు గాలికి విరిగాయట. వచ్చే శనివారం డిష్‌కి నాలుగు వైపులా స్టే వైర్లు కట్టి, బోల్టులకి గ్రీజు పెట్టి, కనెక్టర్లకి రెండో చుట్టు టేపు వేయాలి. అత్తయ్య బట్టల తీగ కోసం అవతలి గోడకి కొత్త కొక్కెం కొట్టాలి.